రిపోర్టు డబ్బిచ్చినవాడిది

వర్నెల్ బటిస్ట్ ఇళ్ళను కిందినుంచి చూసే మనిషి. యాభై ఆరేళ్ళు వచ్చినా మోకాళ్ళకు తొడుగులు కట్టుకుని, నుదుటి మీద దీపం పెట్టుకుని, ఇటుక దిమ్మెల మీద నిలిపిన చెక్క ఇళ్ళ కిందికి పొట్ట మీద పాకుతూ వెళ్ళేది. న్యూ ఆర్లీన్స్‌లో నేలకు తడి తగ్గదు, చెదలకు ఆకలి తీరదు. అక్కడ ఇల్లు చేతులు మారాలన్నా, బ్యాంకు అప్పివ్వాలన్నా చెదల తనిఖీ చేసినవాళ్ళ సంతకం కావాలి. ఆ ఊళ్ళో బటిస్ట్ సంతకమంటే బ్యాంకులవాళ్ళు రెండోసారి చూసేవాళ్ళు కాదు.

పని నేర్పింది భర్త లూసియన్. అతను పోయి తొమ్మిదేళ్ళయింది. స్క్రూడ్రైవర్ మొనతో దూలాన్ని ఎక్కడ పొడవాలో, పిడితో తట్టినప్పుడు ఏ చప్పుడు గట్టిదో, ఏది బోలుదో నేర్పాడు. దాంతోపాటు ఒక సూత్రం కూడా నేర్పాడు. "రిపోర్టు డబ్బిచ్చినవాడిది. మనం కన్ను మాత్రమే, నోరు కాదు. కొనేవాడు పిలిస్తే కొనేవాడికి చెప్పు, అమ్మేవాడు పిలిస్తే అమ్మేవాడికి చెప్పు. పక్కవాడికి చెప్పావో, రేపు నిన్నెవడూ పిలవడు." ఈ సూత్రం పట్టుకునే ఆమె బతికింది. అబద్ధం ఎన్నడూ రాయలేదు. అడగనివాళ్ళకు ఎన్నడూ చెప్పలేదు.

ఆ ఏడు ఏప్రిల్ నెలాఖర్లో డాక్టర్ వారెన్ డూప్రే ఫోన్ చేశాడు. పళ్ళ డాక్టరు. పదేళ్ళుగా పాత ఇళ్ళు కొని అద్దెలకిస్తూ పోతున్నాడు. సెవెంత్ వార్డు పేటలో రెండంతస్తుల ఇల్లు, నాలుగు వాటాలు, కొంటున్నానన్నాడు.

ఇల్లు పైకి చూడముచ్చటగా ఉంది. కొత్తగా వేసిన లేత పసుపు రంగు, ఆకుపచ్చ కిటికీ రెక్కలు, పై అంతస్తులో వీధివైపు పొడుగునా వసారా. వర్నెల్ ముందు కిందికి పాకింది. దిమ్మెల మీద బొటనవేలంత లావున మట్టి గొట్టాలు, నేలనుంచి దూలాల్లోకి తీగల్లా ఎక్కాయి. ఒకదాన్ని గోటితో చిదిపింది. తెల్లగా, తడిగా, పరుగులు తీస్తూ చెదలు. ప్రాణంతో ఉన్నాయి.

పైకి వెళ్ళి వసారా చూడాలంటే పై అంతస్తులో వీధివైపు వాటాలో ఉన్నవాళ్ళు తలుపు తీయాలి. తీసినావిడ పేరు మిస్ ఇసోర్ మెతోయే. డెబ్భై ఎనిమిదేళ్ళావిడ. ముప్ఫై ఒక్క ఏళ్ళనుంచి అదే వాటాలో ఉంటోంది.

"రా బిడ్డా రా. కాళ్ళు తుడుచుకోనక్కర్లేదు, నా ఇల్లేం చర్చి కాదు. కాఫీ తాగుతావా? తాగకపోతే ఊరుకోను."

"పని అయ్యాక తాగుతానమ్మా."

"పనులెప్పుడయ్యాయి మనకు! తాగి పొడుచుకో నీ గోడలు."

చికోరీ కాఫీ, పాలు కాచి పోసింది. వర్నెల్ నిలబడే తాగి వసారాలోకి వెళ్ళింది. అక్కడ రెండు ఇనప కుర్చీలు, తులసిలాంటి వాసన వేస్తున్న ఏవో కుండీలు. చూరు కాలువ పగిలి నీళ్ళు ఏళ్ళ తరబడి గోడలోకి దిగిన మరక కనిపిస్తోంది. వసారాను మోసే దూలాలు గోడలోనుంచి బయటికి వచ్చేచోట స్క్రూడ్రైవర్ ఆనించి మెల్లగా నొక్కింది. పిడి దాకా దిగిపోయింది. వెన్నలోకి కత్తి దిగడానికి కూడా అంతకంటే బలం కావాలి. రెండోది, మూడోది కూడా అంతే. ఆరు దూలాల్లో నాలుగింటికి మిగిలింది రంగు, రంగు వెనక కాయితమంత చెక్క. గోడకు చెవి ఆనిస్తే లోపల ఇసుక రాలుతున్నట్టు సన్నటి చప్పుడు. గోడ మధ్యలో పుట్ట కట్టాయి. పైన పటారం, లోన లొటారం అంటే అదే.

"ఏమైనా ఉన్నాయా?" అని ఇసోర్ గుమ్మంలోంచి అడిగింది.

"పాత ఇల్లు కదమ్మా," అంది వర్నెల్. "డాక్టరుగారికి రాసిస్తాను."

ఆ సాయంత్రమే రాసిచ్చింది. చెదలు ప్రాణంతో ఉన్నాయి. ఇల్లంతా గుడారం కప్పి గ్యాసు పట్టాలి. పై వసారా మనుషుల్ని మొయ్యదు, దూలాలు మార్చేదాకా ఎవరూ అడుగుపెట్టకూడదు. ఫోటోలు పద్నాలుగు.

మర్నాడు పొద్దున్నే డూప్రే ఆమె షెడ్డుకే వచ్చాడు. చొక్కా నలిగి ఉంది. రాత్రి నిద్రపోయినట్టు లేడు.

"వర్నెల్ గారూ, ఈ కాయితం చూస్తే బ్యాంకు అప్పు ఇవ్వదు."

"ఇవ్వకూడదనే రాశాను డాక్టరుగారూ."

"మీకు నా ఇబ్బంది తెలీదు. కెన్నర్‌లో నా పాత ఇల్లు అమ్మాను. ఆ డబ్బుతో నూట ఎనభై రోజుల్లోపు ఇంకోటి కొంటే లాభం మీద పన్ను ఇప్పుడు కట్టక్కర్లేదు. ఏది కొంటానో ముందే పేర్లు రాసివ్వాలి. మూడు రాసిచ్చాను. రెండు చేజారిపోయాయి. ఇక మిగిలింది ఇదొక్కటే, గడువు ఈ శుక్రవారం. దాటితే లక్షా పదివేల డాలర్లు పన్ను. మా ఆడిటరు ఒక్కరోజు కూడా జరగదన్నాడు."

"అమ్మేవాణ్ణి బాగుచేయించి ఇమ్మనండి."

"నాలుగు రోజుల్లోనా?" తల పట్టుకున్నాడు. "మీరొక్క మాట మార్చండి. 'పాత చెద ఆనవాళ్ళు ఉన్నాయి, మందు కొట్టారు' అని రాయండి. చేతికి రాగానే నేనే అంతా బాగుచేయిస్తాను. నా పిల్లల మీద ఒట్టు."

"అయితే బాగుచేయించాకే నేను మార్చి రాస్తాను."

అతను రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సరే. ఇది నాది. డబ్బు ఇచ్చాను. ఎవరితోనూ అనకండి. అక్కడున్నవాళ్ళను బెదరగొట్టి ఖాళీ చేయిస్తే కొనడానికి ముందే నేను మునుగుతాను."

"నేనెవరితోనూ అనను," అంది వర్నెల్. అలవాటైన మాట, తడుముకోకుండా వచ్చేసింది.

శుక్రవారం ఇల్లు చేతులు మారింది. ఎలా మారిందో పది రోజులకుగాని తెలియలేదు. మే నెల రెండో ఆదివారం, అమ్మల పండగ. ఊరంతా ఉసిళ్ళు, రెక్కలొచ్చిన చెదలు, లేచాయి. అక్కడ అవి ఆ వారానికే లేస్తాయి. పొద్దువాలగానే వీధిదీపాల చుట్టూ పొగలా కమ్ముకుంటే జనం ఇళ్ళల్లో దీపాలార్పుకుని కూర్చుంటారు. మర్నాడు చెదల పనివాళ్ళకు ఊపిరాడనంత పని. లూసియన్ తమ్ముడు ఓడెల్ మందు డబ్బాల కోసం ఆమె షెడ్డుకు వచ్చాడు. అతనికి మందు కొట్టే లైసెన్సూ ఉంది, తనిఖీ చేసే లైసెన్సూ ఉంది. ఒళ్ళు వంచే అలవాటు మాత్రం లేదు.

"వదినా, ఈ ఏడు మనకు మూడు పువ్వులూ ఆరు కాయలూ! పళ్ళ డాక్టరు కూడా నాకే తగిలాడు. నువ్వు ముళ్ళకంచె వేస్తే నేను గేటు తీశాను."

వర్నెల్ చేతిలో డబ్బా కింద పెట్టింది. "ఏం రాసిచ్చావు?"

"ఏముంది, 'పాత ఆనవాళ్ళు, మందు కొట్టడమైంది.' కొట్టాను కూడా. కింద నాలుగు కన్నాలు పెట్టి పోశాను."

"పైకి ఎక్కావా?"

"కిందే బురద. పైకెందుకు?"

"ఓడెల్, ఆ వసారా మనిషిని మొయ్యదురా. నా స్క్రూడ్రైవర్ పిడిదాకా దిగింది."

"నిన్నా మొన్నా పుట్టిందా ఆ ఇల్లు? నూటపాతికేళ్ళు నిలబడింది. నీకు ప్రతి ఇల్లూ పడిపోయేదే! డాక్టరు బాగుచేయిస్తానన్నాడుగా. అన్నయ్య ఉన్నా నా పనే చేసేవాడు."

"మీ అన్నయ్య అబద్ధం రాయలేదు."

"అబద్ధం రాయలేదు, నిజం చెప్పలేదు. రెండూ నీకు నేర్పిపోయాడు," అని నవ్వి డబ్బాలు బండిలో పడేసుకుని పోయాడు.

ఆ మాట ఆమెకు ముల్లులా దిగింది. మధ్యాహ్నం పని మానుకుని ఆ వీధికి వెళ్ళింది. వసారా అలాగే ఉంది. దూలం కాదుగదా, మేకు కూడా మార్చినట్టు లేదు. ఇసోర్ పైన ఇనప కుర్చీలో కూర్చుని, ఒళ్ళో గిన్నె పెట్టుకుని బఠాణీలు ఒలుస్తోంది.

"గోడలు పొడిచే అమ్మాయేనా? ఏం మళ్ళీ వచ్చావు, కాఫీ రుచి మరిగావా?"

వర్నెల్ వీధిలో నిలబడి పైకి చూసింది. నోటిదాకా వచ్చింది. డాక్టరు దావా వేస్తాడేమో, లైసెన్సు వాళ్ళకు ఫిర్యాదు పెడతాడేమో, మాటిచ్చాను కదా, ఈ వారంలో బాగుచేయిస్తాడేమో. 

"ఎండ మండిపోతోందమ్మా, లోపల కూర్చోరాదూ?" అంది.

"ఈ ఎండకే! నేను పుట్టింది ఆగస్టులో," అని ఇసోర్ పకపకా నవ్వి, ఒక బఠాణీ కాయ కిందికి విసిరింది. వర్నెల్ దాన్ని పట్టుకుని, చెయ్యి ఊపి, ఇంటికి వచ్చేసింది. దారిలోంచి డూప్రేకి ఫోన్ చేసింది. తీయలేదు. మెసేజ్ పెట్టింది. 'వచ్చే నెల మేస్త్రీ వస్తాడు' అని రెండు రోజులకు జవాబు వచ్చింది. ఆ ముక్కతో తన మనసుకు జోకొట్టుకుంది.

జూన్ మొదటి ఆదివారం ఆ వీధిమీదుగా బ్యాండు మేళం ఊరేగింపు వచ్చింది. ముందు క్లబ్బువాళ్ళు ఈకల విసనకర్రలతో, వెనక బాకాలు, వాటి వెనక ఆడుతూ పాడుతూ ఊరు ఊరంతా. అలాంటప్పుడు పై వసారా ఉన్నవాళ్ళింటికి చుట్టాలూ పక్కాలూ అందరూ చేరతారు. ఇసోర్ ఇంటికీ చేరారు. ఆవిడ తమ్ముడు ఎల్‌మోర్, డెబ్భై ఒక్క ఏళ్ళవాడు, ఒకప్పుడు తనే బాకా వాయించినవాడు. కింద వాటాలో ఉండే ట్వైలా, ఆస్పత్రిలో ఆయా, నలభై ఏళ్ళది. ఇంకా తొమ్మిది మంది. ఇసోర్ పొయ్యి మీద ఉన్న బఠాణీ కూర అడుగంటుతోందేమోనని లోపలికి వెళ్ళింది. గరిట చేతిలో ఉండగా వినిపించింది. పెద్ద చప్పుడేం కాదట. గోనె చిరిగినట్టు, అంతే. మేళం మోతలో అది కూడా కలిసిపోయిందట. వెనక్కి తిరిగి చూస్తే గుమ్మం అవతల వసారా లేదు, వెలుతురు ఉంది.

ఎల్‌మోర్ అక్కడే పోయాడు. ట్వైలా మర్నాడు ఆస్పత్రిలో, తను పనిచేసే అంతస్తులోనే పోయింది. ఏడుగురికి ఎముకలు విరిగాయి.

వర్నెల్‌కు సాయంత్రం వార్తల్లో తెలిసింది. పసుపు రంగు గోడా, దానికి వేలాడుతున్న రెండు దూలాల మొండేలూ చూసింది. ఆ మొండేల్లోపల గోధుమరంగు పుట్ట, తేనెపట్టులా. కుర్చీలోంచి లేచి షెడ్డుకు వెళ్ళి, ఏప్రిల్లో రాసిన రిపోర్టు నకలు తీసి పెట్టుకుంది.

మూడోరోజు డూప్రే వచ్చాడు. ఈసారి షెడ్డులోకి రాలేదు, కారు దగ్గరే నిలబడ్డాడు. 

"మేస్త్రీతో మాట్లాడాను వర్నెల్ గారూ. నిజంగా మాట్లాడాను. పదిహేనో తారీఖు వస్తానన్నాడు."

ఆమె షెడ్డు తలుపు మూసి తాళం వేసింది.

"లాయరు మిమ్మల్నొక మాట చెప్పమని అడుగుతున్నాడు. మీ రిపోర్టు నాకు అందలేదని... మెయిల్‌లో ఎక్కడో తప్పిపోయిందని..."

"నా చేతుల్లోంచే మడిచి జేబులో పెట్టుకున్నారు."

"నాకు ముగ్గురు పిల్లలు."

"ట్వైలాకు ఇద్దరు," అంది వర్నెల్. "పోండి డాక్టరుగారూ. ఇక్కడ నిలబడితే మిమ్మల్ని తిడతాను. తిట్టే అర్హత నాకు లేదు."

అంత్యక్రియలయ్యాక వారానికి ఆమె ఇసోర్ దగ్గరికి వెళ్ళింది. ఇల్లు మున్సిపాలిటీవాళ్ళు మూసేశారు. ఆవిడ చర్చివాళ్ళ గదిలో ఉంటోంది. ఇనప మంచం, ఒక సూట్‌కేసు. వర్నెల్ రిపోర్టు నకలు, పద్నాలుగు ఫోటోలు కవరులో పెట్టి తెచ్చింది.

"ఇది మీ లాయరుకివ్వండమ్మా. నేను ఏప్రిల్లో రాసింది."

ఇసోర్ కళ్ళజోడు పెట్టుకుని మెల్లగా చదివింది. ఒక్కో మాట మీద వేలు పెట్టి చదివింది. చివరిదాకా వచ్చి, మళ్ళీ మొదటికి వెళ్ళింది.

"'మనుషుల్ని మొయ్యదు.' ఇది రాసింది నువ్వేనా?"

"నేనే."

"నా కాఫీ తాగిన రోజే?"

"ఆ రోజే."

"మళ్ళీ ఒకరోజు వచ్చావు. వీధిలో నిలబడ్డావు. ఎండ అన్నావు."

"అన్నాను."

"ఎండ అన్నావు," అని ఇంకోసారి అంది ఇసోర్. గొంతు పెంచలేదు. "ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆ ఇల్లు నలుగురి చేతులు మారింది. కొన్న ప్రతివాడూ గోడలు చూపించుకోడానికి మనిషిని పంపాడు. ప్రతివాడికీ కాఫీ ఇచ్చాను. ఒక్కడూ నాకేమీ చెప్పలేదు. వాళ్ళకంటే నువ్వు మంచిదానివి. అందుకే నిన్ను చూస్తే ఎక్కువ మండుతోంది."

"నన్ను ఏమన్నా అనండమ్మా."

"అంటే నీకు తేలికవుతుంది. అననంతే. కవరు అక్కడ పెట్టి వెళ్ళు."

వర్నెల్ కవరు మంచం మీద పెట్టి వచ్చేసింది. ఇసోర్ మళ్ళీ ఆమెతో ఎన్నడూ మాట్లాడలేదు. శీతాకాలంలో బేటన్‌రూజ్‌లో ఉన్న మేనకోడలి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ కాయితం పనిచేసింది, కొంతవరకు. బీమా కంపెనీ కోర్టుదాకా రాకుండా రెండు కుటుంబాలకూ డబ్బిచ్చింది. ఓడెల్ లైసెన్సు పోయింది. దొంగ సర్టిఫికెట్ రాశాడని కేసు పెట్టారు. "సొంత మరిదిని వీధిలో పెట్టావు, అన్నయ్య ఆత్మ చూస్తూనే ఉంటుంది," అని ఫోన్లో అరిచి, ఆపైన ఆమె ఇంటి గుమ్మం తొక్కలేదు. డాక్టరు డూప్రే మీద మాత్రం నేరం నిలవలేదు. రెండు రిపోర్టులు వచ్చాయి, రెండోది నమ్మాను అన్నాడు. కొన్న తేదీ కొన్న తేదీయే కనక అతని పన్ను వాయిదా చెక్కుచెదరలేదు. బీమా ఇవ్వగా మిగిలిన నష్టాన్ని ఆ ఏటి పన్ను లెక్కలో తగ్గించుకున్నాడు కూడానట. ఆడిటరు అంతా సవ్యంగానే చేశాడు. తర్వాత డూప్రే ఆ స్థలాన్ని అమ్మేశాడు.

ఎవరూ అడగకముందే ఖాతాదారుడి రిపోర్టు బయటపెట్టిందని డూప్రే లాయరు వర్నెల్ మీద ఫిర్యాదు పెట్టాడు. లైసెన్సు బోర్డులో ఐదుగురు కూర్చున్నారు. ఇద్దరు లూసియన్ స్నేహితులే. అందులో పెద్దాయన మెత్తగా అడిగాడు.

"వర్నెలమ్మా, అదొక్కసారి జరిగిందని, ఇకమీదట ఖాతాదారుడి రిపోర్టు బయటివాళ్ళకు ఇవ్వనని ఒక్క ముక్క రాసియ్యి. మందలించి వదిలేస్తాం."

"రాయలేనండీ."

"ఎందుకమ్మా?"

"ఇంక నేను చూసింది, ఆ కప్పు కింద పడుకునేవాళ్ళకు చెప్పాకే కిందికి దిగుతాను."

"అలాగైతే నిన్నెవరూ పిలవరు."

"తెలుసు."

ఏడాదిపాటు లైసెన్సు ఆపేశారు. పిలుపులు అంతకుముందే ఆగిపోయాయి. షెడ్డులో కూర్చుని పాత రిపోర్టులు తీసింది. ఏడేళ్ళవి నేల మీద పరిచింది. తను 'ప్రమాదం' అని రాసి, కొనేవాడికో అమ్మేవాడికో ఇచ్చి, తర్వాత ఏమయిందో కనుక్కోని ఇళ్ళు పదకొండు తేలాయి. ఒక్కొక్క ఇంటికీ వెళ్ళడం మొదలుపెట్టింది.

నాలుగు బాగుచేశారు. రెండు కూల్చేశారు. ఒకచోట తలుపు సందులోంచే 'ఏమీ కొనం' అని తరిమేశారు. ఇంకోచోట ఒక ముసలాయన అంతా విని, తలుపు వేసుకుంటూ, "ఇప్పుడా చెప్పడం?" అన్నాడు.

తొమ్మిదోది కాలువగట్టు పక్క, గదులన్నీ ఒకదాని వెనక ఒకటిగా ఉన్న ఒంటి వరస ఇల్లు. ముప్ఫై ఏళ్ళ ఆవిడ, చంకలో పసిపిల్లతో తలుపు తీసింది. పేరు రోషెల్. వర్నెల్ వచ్చిన పని చెప్పింది. వెనక గది పైదూలం అయిదేళ్ళ కిందటే బోలుగా ఉందని, అక్కడ పడుకోవద్దని చెప్పింది.

"తెలుసు ఆంటీ," అంది రోషెల్.

"తెలుసా?"

"పైనుంచి పొట్టు రాలుతుంది. పొద్దున్నే పాప మొహమ్మీదనుంచి ఊదేస్తాను. ఇంటాయనకు ఆరుసార్లు చెప్పాను. ఏడోసారి చెప్తే ఖాళీ చెయ్యమంటాడు. ఈ అద్దెకి ఊళ్ళో ఇంకెక్కడ దొరుకుతుంది? నువ్వే చెప్పు, ఎక్కడికి పొమ్మంటావు?"

 మున్సిపాలిటీకి ఫిర్యాదు రాస్తే ఇల్లు మూసేస్తారు. ఇసోర్ ఇల్లు మూసినట్టే, మనుషుల్ని బయటపెట్టి మూసేస్తారు. రాయకపోతే దూలం నెత్తిమీద అలాగే ఉంటుంది. 

"లోపలికి రానిస్తావా?" అంది వర్నెల్ చివరికి.

వెనక గదిలో మంచం సరిగ్గా దూలం కిందే ఉంది. పక్కనే పిల్ల తొట్టి. వర్నెల్ స్క్రూడ్రైవర్ తీయలేదు, తట్టి చూడలేదు. ముందు గదిలో కిటికీవైపు పైదూలం గట్టిదని తన పాత రిపోర్టులోనే ఉంది. సోఫాను అటు జరిపితే మంచం పడుతుంది.

"ఆ కాలు పట్టుకో," అంది.

"పాప?"

"నా భుజాన వెయ్యి. మోయగలను."

ఇద్దరూ కలిసి ముందు తొట్టి, తర్వాత పరుపు, తర్వాత మంచం, ఒక్కొక్కటీ ముందు గదిలోకి తెచ్చారు. గుమ్మం ఇరుకు. మంచాన్ని పక్కకు వాల్చి తేవాల్సి వచ్చింది. రోషెల్ వేలు నలిగింది. అంతా అయ్యేసరికి చీకటి పడుతోంది, నడవడానికి దారి మిగల్లేదు.

"పొయ్యి దగ్గరికి ఎలా పోవాలి ఇప్పుడు?" అని రోషెల్ నడుము మీద చేతులు పెట్టుకుని చూసింది.

"మంచమ్మీదనుంచి దాటుకుని పో," అంది వర్నెల్. నిద్రపోతున్న పిల్లను తొట్టిలో పడుకోబెట్టి, వెనక గది తలుపు దగ్గరికి లాగి గొళ్ళెం పెట్టింది.